మా హెచ్ఎంకి టెన్త్ రిజల్ట్సే లోకం, పిల్లల హెల్త్ ప్రోగ్రాములకి టైం ఎట్లా అడగాలి?

బయాలజీ టీచర్, కనిగిరి:

అందరికీ నమస్కారం అండి. కనిగిరి వైపు ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెప్తాను, సర్వీసు పదకొండేళ్లు. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

పోయిన సోమవారం ప్రేయర్లో ప్రతిజ్ఞ చెప్తుండగా తొమ్మిదో తరగతి అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. పడిపోవడం మాకు కొత్తేం కాదు, ఎండలు ముదిరితే వారానికి ఒకరిద్దరు పడతానే ఉంటారు, నీళ్లు చల్లి నీడకి కూర్చోబెట్టి గ్లూకోజు కలిపి ఇస్తాం, అంతటితో అయిపోద్ది. ఈసారి ఎందుకో కింది రెప్ప లాగి చూశా. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గోళ్లూ అంతే. పొద్దున ఏం తిన్నావమ్మా అంటే ఏం తినలేదు మేడం అంది, వాళ్లమ్మ మిరపకాయ కోతలకి ఆరింటికే ఆటో ఎక్కుద్దంట, ఈ పిల్ల తమ్ముడికి తల దువ్వి, చద్దన్నం ఉంటే వాడికి పెట్టి, తను ఊరికే వచ్చేస్తది. నెలసరి పది రోజులు ఉంటందని కూడా అప్పుడే చెప్పింది, అదీ నేను పక్కకి తీసుకెళ్లి అడిగితే. పీహెచ్‌సీకి తీసుకెళ్లాం, హిమోగ్లోబిన్ 7.4 ఉంది.

స్కూలుకి తిరిగొచ్చాక ఆఫీసు రూంలో బీరువా తీశా. వారానికొకటి పిల్లలకి వేయమని ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రల పెట్టెలు, సీలు కూడా విప్పనివి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పక్కనే రిజిస్టరు. రిజిస్టర్లో ప్రతి గురువారం ప్రతి పిల్ల పేరు పక్కన టిక్కు ఉంది. ఆ అమ్మాయి పేరు పక్కన కూడా. ఆ టిక్కుల్లో సగం నేను పెట్టినవే అండి. నెలాఖరులో రిపోర్టు అడుగుతారని స్టాఫ్ రూంలో కూర్చుని వరసగా పెట్టుకుంటూ పోయా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా.

మా స్కూల్లో నేనూ ఇంకో సోషల్ సారూ హెల్త్ అంబాసిడర్లం. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద స్కూల్ హెల్త్ ప్రోగ్రాం అని మొదలైంది కదా, స్కూలుకి ఇద్దరు టీచర్లు, వారానికి ఒక గంట, తిండి గురించి, మనసు గురించి, పొగాకు, ఎదిగే వయసులో మార్పులు, ఇట్లా 11 అంశాలు పిల్లలతో మాట్లాడాలని. ట్రైనింగ్ అయ్యాం, పుస్తకాలు ఇచ్చారు. ఆ గంట మాత్రం ఇంతవరకు టైంటేబుల్లో ఎక్కలా. అడిగినప్పుడల్లా ఆ పీరియడు మ్యాథ్స్ స్లిప్ టెస్టుకి పోతంది.

మా హెచ్ఎం సారు చెడ్డ మనిషి కాదు, ఇది ముందే చెప్తున్నా. సాయంత్రం ఆరున్నర దాకా టెన్త్ పిల్లల దగ్గరే ఉంటారు, స్పెషల్ క్లాసు పిల్లలకి సొంత డబ్బుతో బిస్కెట్లు తెప్పిస్తారు. నేను వెళ్లి మాట్లాడితే, "మేడం, మీరు చెప్పేది కరెక్టే, కానీ మీటింగుకి పోతే నన్ను నిలబెట్టి అడిగేది పాస్ పర్సెంటేజి, ఎంతమంది పిల్లలు మాత్ర మింగారని ఇన్నేళ్లలో ఒక్కరన్నా అడగలా. పైగా మాత్ర వేశాక ఎవరికన్నా వాంతయి పేపర్లో పడితే ముందు సస్పెండ్ అయ్యేది నేనే" అన్నారు. ఆ రెండు మాటలకీ నా దగ్గర సమాధానం లేదు.

మీ స్కూళ్లలో హెచ్ఎంలని ఎట్లా ఒప్పించారు, అసలు ఎక్కడన్నా ఇది సరిగ్గా జరుగుతందా? పోట్లాడకుండా అయ్యే పని చెప్పండి, ఈయనతోనే ఇంకా నాలుగేళ్లు పనిచేయాలి నేను.


రిటైర్డ్ హెచ్ఎం, గుంటూరు:

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ముప్పై మూడేళ్లు సర్వీసు చేసి, చివరి తొమ్మిదేళ్లు హెడ్మాస్టరుగా ఉండి రిటైరయ్యాను, మీ హెచ్ఎం కుర్చీలో కూర్చుని వచ్చినవాణ్ణే కాబట్టి ఆయన వైపు నుంచి కూడా చెప్తాను.

హెడ్మాస్టరు అనేవాడు ఏది అడుగుతారో అది చేస్తాడు. ఇది తప్పని తెలిసినా అంతే. నేనూ అట్లాగే చేశాను. నా దగ్గర ఎనిమిదో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు, ఎప్పుడూ పక్కవాడి నోట్సులోకి తొంగి చూస్తూ రాసేవాడు. కాపీ కొడుతున్నాడని లెక్కల మాస్టారు వాణ్ణి వెనక బెంచీకి మార్చాడు, నేను సరే అన్నాను. ఆ ఏడాది ఎస్ఏ పరీక్షల్లో అన్నీ సున్నాలు. మరుసటేడు కంటి పరీక్షకి వచ్చినవాళ్లు చూసి, ఈ బాబుకి మొదటి బెంచీ నుంచి కూడా బోర్డు కనపడదండీ అన్నారు. అద్దాలు పెట్టించాం. పెట్టుకున్న మొదటి రోజు వాడు క్లాసులోకి రాకుండా గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడి పైకే చూస్తున్నాడు, ఏంట్రా అంటే ఆకులు విడివిడిగా కనపడుతున్నాయి సార్ అన్నాడు. వాణ్ణి వెనక బెంచీకి పంపింది నేనే కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

మీ హెచ్ఎం గారికి ఇది ఆరోగ్యం విషయంగా చెప్పకండి, చదువు విషయంగానే చెప్పండి, ఎందుకంటే ఇది చదువు విషయమే. టెన్త్‌లో డి గ్రూపు అని వెనక బెట్టిన పిల్లల లిస్టు ఆయన దగ్గర ఉంటుంది. ఆ లిస్టులో ఉన్నవాళ్లకి ముందు కళ్లు, రక్తం చూపిద్దాం సార్ అనండి, అందరికీ కాదు, ఆ 15 మందో 20 మందో. కాదనలేడు, అది ఆయన లిస్టు.

రెండోది, గంట అడగొద్దు. గంట అడిగితే ఎవడూ ఇవ్వడు. పది నిమిషాలు అడగండి, అదీ ఆయన క్లాసుల్లోంచి కాదు, భోజనం గంట చివర్లో. మా స్కూల్లో వరసగా కూర్చుని అన్నం తిన్నాక కంచం కడిగే ముందే మాత్ర ఇచ్చేవాళ్లం, లేడీ టీచర్లు పిల్లల ఎదురుగా తామూ ఒకటి వేసుకునేవాళ్లు. టీచరు వేసుకోవడం చూశాక పిల్లలు దాచుకోవడం తగ్గింది. అంతకు ముందు క్లాసులో పంచితే కిటికీలోంచి పారేసేవాళ్లు, వానపడితే గోడ కింద మట్టి నీలంగా కనపడేది.

ఇంకో మాట. మధ్యాహ్న భోజనం సంగతి మీకు గుర్తుండకపోవచ్చు, అప్పటికి మీరు చదువుకుంటూ ఉండుంటారు. అంతకు ముందు 80 శాతం హాజరు ఉన్న పిల్లలకి నెలకి 3 కిలోల బియ్యం ఇంటికి ఇచ్చేవాళ్లం. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆర్డరు వేసింది, మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. ఆ రోజుల్లో హెచ్ఎంలూ మేం టీచర్లమూ అంతా ఒకటే గోల, బడిలో పొయ్యి ఏంటి, పొగ ఏంటి, మేం పాఠాలు చెప్పాలా పప్పు కొలవాలా అని. నేనూ సంతకం పెట్టాను ఆ అర్జీ మీద. ఇప్పుడు ఆ పొయ్యి లేకుండా బడిని ఊహించుకోలేం, మీరు చెప్పిన ఆ అమ్మాయికి రోజు మొత్తంలో కడుపు నిండా మొదటి తిండి అదే. కాబట్టి కాదన్న హెచ్ఎం ఎప్పటికీ కాదంటాడని అనుకోకండి.

రిజిస్టరు సంగతి మాత్రం రేపే తేల్చండి. పాత టిక్కుల గురించి హెచ్ఎం గారికి మీరే చెప్పేయండి. ఇక మీదట ఎంతమంది వేసుకుంటే అంతే రాయండి, 40 అయితే 40.


పీహెచ్‌సీ డాక్టరు (ఇంతకు ముందు ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య తనిఖీ టీములో చేశాను):

మేడం, 7.4 అంటే తీవ్రమైన రక్తహీనత, ఆ వయసు పిల్లల్లో 12 ఉండాలి, 8 కంటే తగ్గితే వారానికో మాత్రతో తీరే పని కాదు. ఆ అమ్మాయిని పెద్దాసుపత్రిలో చూపించారా లేదా ముందు అది చెప్పండి. నెలసరి పది రోజులు ఉంటుందన్నారు కాబట్టి గైనిక్ డాక్టరు కూడా చూడాలి. దయచేసి ఈ వారం దాటనివ్వకండి.

ఇక మీ హెచ్ఎం గారి భయం గురించి. ఆ భయం నిజమైందే, నేను తేలిగ్గా తీసుకోను. నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకి. ప్రైమరీ పిల్లలకి ఇచ్చేది గులాబీ రంగుది, 45 మిల్లీగ్రాములది, రెండూ కలిపేయకండి. వాంతులు వచ్చేది చాలావరకు ఖాళీ కడుపుతో వేసుకున్నప్పుడే. పొద్దున ప్రేయర్లో మాత్ర పంచే స్కూళ్లు చూశాను, సగం మంది ఏం తినకుండా వచ్చి ఉంటారు, కడుపులో తిప్పుతుంది, ఒకడికి వాంతయితే వాణ్ణి చూసి పది మందికి అవుతుంది, ఇక ఆ ఊళ్లో మాత్ర అంటేనే దడ. పైన సారు చెప్పినట్టు అన్నం తిన్నాక ఇస్తే ఈ గొడవ చాలా తగ్గిపోతుంది. మలం నల్లగా వస్తుందని, అది మామూలేనని ముందే చెప్పండి, లేకపోతే ఇంట్లో చూసి కంగారు పడతారు. మాత్ర వేసుకున్నాక ఒక గంట దాకా టీ తాగొద్దని చెప్పండి. జామకాయో ఉసిరికాయో నిమ్మరసమో ఉంటే ఇనుము బాగా పడుతుంది, మీ వైపు జామకాయలకి కొదవ ఉండదు కదా. జ్వరంతో ఉన్న పిల్లలకి ఆ రోజు ఇవ్వకండి. తలసేమియా లాంటివి ఉండి మందులు వాడేవాళ్లకి డాక్టరుని అడక్కుండా అసలు ఇవ్వొద్దు.

నులిపురుగుల మాత్ర సంగతి కూడా ఇందులోనే చెప్పేస్తాను. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఇస్తాం కదా, ఆల్బెండజోల్ 400. అది నమిలి మింగాలి, చాలా మంది పిల్లలు గుటుక్కున మింగేస్తారు, చిన్నవాళ్లకి గొంతులో అడ్డం పడుతుంది, అక్కడ టీచరు నిలబడి నమిలించాలి. కడుపులో పురుగులు ఎక్కువ ఉన్న పిల్లలకి కొంచెం కడుపునొప్పి, వికారం వస్తాయి, కాసేపటికి తగ్గిపోతాయి. పురుగులు ఉన్నంత కాలం మీరు ఎంత ఐరన్ ఇచ్చినా, గుడ్డు పెట్టినా సగం వాటికే పోతుంది, అందుకే రెండూ కలిసి జరగాలి.

హెచ్ఎం గారికి ధైర్యం కావాలంటే ఒక పని చేయండి. మాత్ర ఇచ్చే రోజు ఊరి నర్సు ఏఎన్ఎమ్‌ని స్కూలుకి రమ్మని మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకి హెచ్ఎం పేరుతో ఒక లెటరు పెట్టండి. ఆ ఆఫీసరు ఫోను నంబరు స్టాఫ్ రూం గోడ మీద పెద్దగా రాసి పెట్టండి. మొదటి రెండు వారాలు ఏఎన్ఎమ్ పక్కన ఉంటే ఆయనకి నమ్మకం వస్తుంది. నేను మా మండలంలో మొదటి వారం స్వయంగా వెళ్లి కూర్చునేవాణ్ణి, హెచ్ఎంకి నా మొహం కనపడితే చాలు, సంతకం పెట్టేవాడు.

ఇంకో విషయం మనసులో ఉంది, రాయకుండా ఉండలేను. ఆర్‌బీఎస్‌కే 2013లో వచ్చింది, పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదల ఆలస్యం, ఈ నాలుగూ 18 ఏళ్ల లోపు పిల్లల్లో వెతికి పట్టుకోవడమే పని. ఇద్దరు డాక్టర్లు, ఫార్మసిస్టు, ఏఎన్ఎమ్, ఒక బండి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, స్కూలుకి ఒక్కసారి వెళ్తాం. ఒక్కసారే. ఆ ఒక్క రోజు పోతే మళ్లీ ఏడాది. ఎన్నో స్కూళ్లలో హెచ్ఎంలు, ఇవాళ ఎఫ్ఏ పరీక్ష ఉంది డాక్టరు గారూ, ఓ పదిమందిని పంపిస్తా చూసి సంతకం పెట్టించుకుని పోండి అనేవాళ్లు. ఒక స్కూల్లో మాత్రం పీఈటీ సారు తనంతట తనే ఒక ఆరో తరగతి పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు, వీడు ఆటల పీరియడ్లో ఎప్పుడూ కూర్చుండిపోతాడండీ, బద్ధకం అనుకున్నాం, కానీ రెండు రౌండ్లకే పెదాలు నల్లబడుతున్నాయి అని. స్టెతస్కోపు పెడితే గుండెలో చప్పుడు తేడాగా ఉంది. గుండెకి చిల్లు. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది. ఆ స్కూలు హెచ్ఎం ఆ రోజు మాకు పది మందిని పంపి సరిపెట్టి ఉంటే ఆ పిల్లాడు ఆ పదిమందిలో ఉండేవాడు కాదు.


తెలుగు పండిట్, నల్గొండ:

పైన ఇద్దరు పెద్దోళ్లు మంచిగ చెప్పిన్రు, నేను కాదంట లేను గని, తప్పంత హెచ్ఎం మీదికే పోతుందేమో అనిపించి రాస్తున్న.

మా బడిల హెచ్ఎం లేదు, ఇంచార్జి హెచ్ఎం ఉన్నడు, ఆయనే ఫిజిక్స్ చెప్పాలె, ఆయనే మధ్యాహ్న భోజనం లెక్కలు రాయాలె, గుడ్డు రేటు పెరిగితే వంట చేసే అక్కలకి సర్ది చెప్పాలె, బిల్లులు నెలల తరబడి ఆగితే వాళ్లు వంట బంద్ పెడ్తమంటే బతిమాలాలె. అటెండరు లేడు, క్లర్క్ లేడు. పొద్దుగాల బడికి రాంగనే ముందు ఫోన్ పట్టుకుంటడు, హాజరు ఫొటో ఒక యాప్‌ల, అన్నం ఫొటో ఒక యాప్‌ల, సిగ్నల్ కోసం గోడెక్కుతడు. అసుంటి మనిషి దగ్గరికి పోయి సార్ హెల్త్ పీరియడ్ అంటే ఆయన మొహంల నెత్తురు చుక్క ఉండదు. పైనున్నోళ్లు ప్రోగ్రాం పెట్టిన్రు, దానికి మనిషిని ఇయ్యలేదు. కేజీబీవీ ఆడపిల్లల హాస్టల్ బడుల్ల ఏఎన్ఎమ్ ఉంటది, గురుకులాల్ల నర్సు ఉంటది, ఊరి జడ్పీ బడికి ఎవ్వరు లేరు, మా పిల్లలే మరి ఎక్కువ గరీబోళ్లు.

ఇంకోటి. మాత్ర కంటె ముందు నీళ్లు జూడుండ్రి అక్క. మాది నల్గొండ, నీళ్ల సంగతి మాకు ఎవరు చెప్పనవసరం లేదు, ఫ్లోరైడ్ నీళ్లతోటి కాళ్లు వంకర పోయిన మనుషుల్ని చూస్కుంటనే పెరిగినం. మిషన్ భగీరథ వచ్చినంక ఇండ్లకి మంచినీళ్లొచ్చినయ్, గని మా బడిల నల్లా ఉన్నది, ట్యాంకు కడగక ఎన్నాళ్లయిందో. కనిగిరిల గూడ ఫ్లోరైడేనాయె కదా. ఆడపిల్లలైతే పొద్దటి సంది సాయంత్రం దాకా నీళ్లే తాగరు, ఎందుకంటె తాగితే బాత్రూంకి పోవాలె, బాత్రూం ఉన్నది గని గొళ్లెం లేదు, నీళ్లు రావు. మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకామె మూత్రంల మంటతోటి వారం బడికి రాలే. తల్లి అచ్చి చెప్తె గని మాకు ఎరుక కాలే.

మేం ఏం చేసినమంటె, నేను, ఇంగ్లీష్ మేడం కలిసి ముందుగాల గొళ్లెం పెట్టించినం. 180 రూపాయలు. గంతే. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ఒక అక్క ఉన్నది, మహిళా సంఘం లీడరు, ఆమెను తోల్కపోయి ఆ బాత్రూం చూపెట్టినం, ఆమె సర్పంచి ఇంటి ముంగట కూసున్నది, మూడు దినాలల్ల మోటరు బాగైంది. హెచ్ఎం సారు మాకు చేసిన సాయం ఒక్కటే, అడ్డం రాలే. ఆయన పరిస్థితిల అదే పెద్ద సాయం. అన్నిటికి హెచ్ఎం మీదనే ఆధారపడకుండ్రి, ఊరిని పట్టుకోండ్రి.


ఒక తల్లి, హైదరాబాద్:

నేను టీచర్ని కాదు, పేరెంట్‌ని. ప్రైవేటులో బాగుంటుందని అనుకునేవాళ్లకి చెప్తున్నాను. మా పాప ఏడో తరగతి, ఏడాదికి లక్ష దాటి కడుతున్నాం, అపార్ట్‌మెంటు లాంటి బిల్డింగు, గ్రౌండు లేదు, పీఈటీ పీరియడు టైంటేబుల్లో ఉంటుంది కానీ ఒలింపియాడ్ క్లాసుకి వాడేస్తారు. నులిపురుగుల మాత్ర ప్రైవేటు స్కూళ్లలో కూడా ఇవ్వాలి కదా, మా దగ్గర ఆ రోజు డైరీలో ఒక నోటు పంపారు, తల్లిదండ్రులు సంతకం చేస్తేనే ఇస్తామని. అడ్మిన్ మేడంని అడిగితే, అమ్మా ఏదైనా అయితే మా స్కూలు పేరు పోతుంది, మీరు ఇంట్లో వేసుకోండి అంది. వాట్సాప్ గ్రూపులో 43 మంది తల్లిదండ్రులం ఉన్నాం, సంతకం పెట్టింది ఆరుగురం. 2017 ఆగస్టులో మీజిల్స్ రూబెల్లా టీకా స్కూళ్లలో వేసినప్పుడు పెద్ద బాబుకి కూడా ఇట్లాగే అయింది, ఫోన్లలో ఏవేవో వీడియోలు తిరిగాయి, సగం మంది ఆ రోజు పిల్లల్ని స్కూలుకే పంపం అన్నారు. అప్పుడు మాత్రం ఆ స్కూలు ప్రిన్సిపల్ ఒక పని చేశారు, ముందు రోజు సాయంత్రం తల్లిదండ్రులని పిలిచి పిల్లల డాక్టరుతో మాట్లాడించారు, తన సొంత మనవరాలికి అందరి ముందు మొదటి టీకా వేయించారు. తర్వాతి రోజు అందరూ వచ్చారు. నాకైతే అర్థమైంది ఏంటంటే ప్రిన్సిపల్ ముందుకొచ్చి నిలబడితే తల్లిదండ్రులు వింటారు, ప్రిన్సిపల్ వెనక్కి తగ్గితే మాకు అనుమానం మొదలవుతుంది, ఏదో తేడా ఉండబట్టే కదా సంతకం అడుగుతున్నారు అని.


ఏఎన్ఎమ్, అనంతపురం:

డాక్టరు గారు చెప్పినట్టు మమ్మల్ని పిలవండి మేడం, చాలా స్కూళ్లు మమ్మల్ని పిలవనే పిలవవు. మాత్రల పెట్టెలు దించి సంతకం పెట్టించుకుని వచ్చేస్తాం, తర్వాత ఏమైందో మాకు తెలియదు. బీరువాలో ఉన్నవాటి ఎక్స్‌పైరీ తేదీ ముందు చూసుకోండి, దాటిపోయినవి పిల్లలకి ఇవ్వొద్దు, పారేయొద్దు కూడా, లెక్క రాసి మాకు తిరిగి ఇచ్చేయండి, కొత్తవి ఇస్తాం. పెట్టెలు ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టొద్దు. ఇంకా, అయిదో తరగతి, టెన్త్ పిల్లలకి టీడీ ఇంజెక్షన్ (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా) ఉంటుంది, పదేళ్ల వయసులో ఒకటి, పదహారులో ఒకటి, మీ స్కూల్లో టెన్త్ వాళ్లకి అయిందో లేదో కనుక్కోండి. టెన్త్ పిల్లల్ని పావుగంట వదలమంటే క్లాసు డిస్టర్బ్ అవుతుందని గేటు దగ్గర్నించే పంపించేసిన స్కూళ్లు ఉన్నాయి. అట్లా పంపించేస్తే మేము మళ్లీ 14 కిలోమీటర్లు రావాలి, అప్పటికి పరీక్షలని పిల్లలు దొరకరు.


బయాలజీ టీచర్, కనిగిరి:

అందరికీ చాలా థాంక్స్ అండి. ఇరవై రోజులైంది పోస్టు పెట్టి, ఏం జరిగిందో చెప్తా.

డాక్టరు గారూ, అమ్మాయిని ఒంగోలు పెద్దాసుపత్రిలో చూపించాం, నాలుగు రోజులు అడ్మిట్ చేశారు, రక్తం ఎక్కించారు, నెలసరికి మందులు రాశారు. వాళ్లమ్మ నాలుగు రోజులు కూలి మానుకుని కూర్చుంది. స్కూలుకి వస్తంది ఇప్పుడు, ఇంకా నీరసంగానే ఉంది కానీ మెట్లెక్కి పైక్లాసుకి వస్తంది, అంతకు ముందు మధ్యలో ఆగి గోడ పట్టుకునేదంట, అదీ నేను గమనించలా.

టిక్కుల సంగతి హెచ్ఎం సారుకి చెప్పేశా. ఏమంటారో అని చేతులు వణికాయి. సారు రిజిస్టరు తెరిచి చాలాసేపు చూసి, కింద నా సంతకం కూడా ఉంది కదమ్మా అన్నారు. ఇంకేం అనలా. తర్వాత గుంటూరు సారు చెప్పినట్టు టెన్త్‌లో వెనకబడినవాళ్ల లిస్టు అడిగా, 22 మంది. వాళ్లలో అమ్మాయిలు 13 మంది. ఏఎన్ఎమ్ వచ్చి వేలికి గుచ్చి చూసింది, 13 మందిలో 9 మందికి 11 కంటే తక్కువ ఉంది. దేశం మొత్తం మీద 15-19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉందని నేను క్లాసులో చెప్తానే ఉంటా, కానీ ఆ తొమ్మిది పేర్లు కాగితం మీద చూసినప్పుడు సారు మొహం మారింది, ఈ తొమ్మిది మందినే నేను రోజూ సాయంత్రం ఆరున్నర దాకా కూర్చోబెట్టి తిడతన్నా మేడం అన్నారు.

గంట పీరియడు ఇంకా రాలేదు. గురువారం భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు ఇచ్చారు, పది అడిగితే. పాత పెట్టెల్లో సగం ఎక్స్‌పైరీ దాటినయ్యి, ఏఎన్ఎమ్‌కి తిరిగిచ్చి కొత్తవి తీసుకున్నాం. మొదటి గురువారం 286 మందిలో 171 మంది వేసుకున్నారు, 171 అనే రాశా. రెండో గురువారం 230. ఇద్దరికి వికారంగా ఉందంటే పడుకోబెట్టాం, అరగంటకి లేచి ఆడుకున్నారు, ఆ అరగంటా సారు వాళ్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎనిమిదో తరగతి మగపిల్లలు మాకెందుకు మేడం, ఇది ఆడోళ్ల మాత్ర కదా అంటన్నారు, వాళ్లకి పీఈటీ సారుతో చెప్పిస్తన్నా.

నల్గొండ సారూ, మీరు చెప్పాక మా బాత్రూంలు వెళ్లి చూశా. గొళ్లేలు ఉన్నాయి. బకెట్లు లేవు. ఆయాకి చెప్పి నాలుగు తెప్పించాం. నీళ్లకి ఆర్‌వో క్యాన్లు వస్తన్నాయి కానీ మధ్యాహ్నానికే అయిపోతన్నాయి, అది తల్లిదండ్రుల కమిటీలో పెట్టాలి, ఆదివారం చైర్‌పర్సన్ ఇంటికి వెళ్తన్నా.

ఇప్పుడు సారు తనంతట తనే ఒకటి అడిగారు, వచ్చే వారం స్కూలు మొత్తానికి కంటి పరీక్ష మనమే పెట్టుకుందామా, తేడా ఉన్నవాళ్లనే ఆసుపత్రికి పంపుదాం అని. ఆరు మీటర్లు కొలిచి వరండాలో సుద్దతో గీత గీశాం. ఈ అక్షరం చార్టు ఎక్కడ దొరుకుద్ది, పీహెచ్‌సీలో ఇస్తారా లేక మేమే ప్రింటు తీయించుకోవాలా, ప్రింటు తీస్తే అక్షరం సైజు ఎంత ఉండాలి? పిల్లలకి ఒక కన్ను ఎట్లా మూయించాలి, అరచేత్తో మూసుకుంటే వేళ్ల సందుల్లోంచి చూస్తన్నారు. తెలిసినవాళ్లు కాస్త తొందరగా చెప్పండి, బుధవారం మొదలుపెడతన్నాం.